మెడ పట్టిన చొక్కా

చెప్పండి చూద్దాం పిల్లలూ, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని మొగుడు బజారు చొక్కా కొనుక్కున్నాడంటే అర్థమేమిటి?

మీకు తెలీదులే. దర్జీ ఆవిడకి తెలిసింది. ఆవిడా, చెల్లెలూ వీధిగదిలో బట్టలు కుట్టేవారు. చెల్లెలు తొక్కే పాత మిషన్ మీద కుట్టిన చొక్కాకి ఒక గుణం ఉండేది. తొడుక్కున్నవాడు అబద్ధమాడితే కాలరు బిగిసేది, నిజం చెబితే వదులయ్యేది. వీధంతా ఎరిగిన సంగతే. వకీలుగారు మాత్రం పక్కవీధిలో కుట్టించుకునేవారు.

ఆ చెల్లెలు డాబా మెట్ల మీంచి పడి చనిపోయింది. కాలు జారిందన్నాడు బావ. ఆ వెంటనే ఇంటి చొక్కాలన్నీ మూటగట్టి అటకెక్కించి, బజారు చొక్కాలకి మారాడు.

"ఎందుకండీ?" అంది ఆవిడ.

"అవి చూస్తే మరదలే గుర్తొస్తోందే."

ఇక్కడ ఆగి ఆలోచించండి. ప్రేమున్నవాడు ఆ చొక్కాలు దాచుకుంటాడా, వాటికి జడిసి దాక్కుంటాడా?

ఆవిడ ఏడవలేదు. అతని బజారు చొక్కా కుట్లన్నీ విప్పి, అవే ముక్కల్ని చెల్లెలి మిషన్ మీద మళ్లీ కుట్టింది. మెడ వెనక దుకాణం పట్టీ కూడా ఎక్కడిదక్కడే తగిలించి, ఇస్త్రీ చేసి పెట్టింది.

ఆదివారం అతను అది తొడుక్కున్నాక, పక్కవాటా హెడ్‌కానిస్టేబుల్ని టీకి పిలిచింది.

"అన్నయ్యగారూ, మీరూ వినండి. ఏమండీ, చెల్లి ఎలా పోయిందో ఇంకొక్కసారి చెప్పరూ?"

"ఎన్నిసార్లు చెప్పాలే? కాలు జా..."

కాలరు బిగిసింది. గుండీ ఊడిరాలేదు.

"కత్తెర... కత్తెరివ్వవే!"

"కత్తెరెందుకండీ, నిజం ఉండగా?" అని టీలో పంచదార కలుపుకుంటూ కూర్చుంది. నిదానంగా కలిపింది.

కళ్లు తేలేసే వేళకి మాట పెగిలింది. "నేనే తోశాను! నాకు వేరే సంసారం ఉందని నీతో చెప్పేస్తానంది!"

కాలరు వదులయింది. హెడ్‌కానిస్టేబులు కప్పు కిందపెట్టి లేచాడు.

అయిపోయిందనుకున్నారా? ఆవిడ జైలుకెళ్లి ఖైదీల చొక్కాలు కుట్టే పని అడిగి తెచ్చుకుంది. చూడనిచ్చే రోజున తప్పకుండా వెళ్లేది. ఊచలకివతల కూర్చుని ఒక్కటే ప్రశ్న:

"బాగున్నారా?"

బాగున్నానని చెబుదామని నోరు తెరిచేవాడు. చెయ్యి మెడ మీదకి పోయేది. నోరు మూసుకునేవాడు. ఆవిడ తృప్తిగా ఇంటికొచ్చేది. బతికినంతకాలం ఒక్క వారమూ మానలేదు.

పోతూపోతూ ఆ మిషన్ నాకిచ్చింది. ఏమిట్రా, మెడ తడుముకుంటున్నావ్? జరగండి, మీ బడి చొక్కాలు సగంలో ఉన్నాయి.