అగ్గిపుల్ల అధ్యాయం

మా ఆయన వేగంగా చదవడం ఎలాగో నలుగురికీ నేర్పుతారు. అదే ఆయన కొలువు. పేజీ నడిమధ్య వేలు పెట్టి సర్రున కిందికి లాగారంటే చదవడం అయిపోయినట్టే. ఎప్పుడు అడిగినా ఏ పేజీలో ఏముందో గడగడా అప్పజెబుతారు. శిష్యులు ఆయనకు మెరుపు మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు వీధి వీధంతా చాటింది మాత్రం నేనే. నా నోరు ఊరుకోదు కదా.

ఆ నోటితోనే వదినకూ చెప్పాను. వదినంటే మా ఆయన అక్క. నర్సు ఉద్యోగం మానేశాక ఒక నవల రాసింది. అచ్చు వేసేవాళ్లు బాగుందన్నారట గానీ, మరీ లావైపోయింది, ఒక అధ్యాయం తీసేయమన్నారట. ఏది తీయాలో తేల్చుకోలేక తల పట్టుకుంది. తమ్ముడుండగా నీకెందుకా బెంగ, టీ చల్లారేలోపు చదివి చెప్పేస్తారని భరోసా ఇచ్చాను. పాపం, కాగితాల కట్ట పట్టుకుని ఆదివారం వచ్చింది.

నిజంగానే టీ చల్లారలేదు. మా ఆయన కట్ట పక్కన పెట్టి, ఎవరి పేరేమిటో, ఎవరి వయసెంతో, ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో తడుముకోకుండా చెప్పారు. చూశావా అన్నట్టు నేను వదిన వంక చూసి నవ్వాను.

"ఏడోది తీసెయ్ అక్కా. అందులో ఏమీ జరగదు. ఆ పిల్ల ఒకే పేజీ పట్టుకుని తమ్ముడి చేత చదివిస్తూ కూర్చుంటుంది. ఊరికే అగ్గిపుల్ల, అగ్గిపుల్ల. విసుగొస్తుంది," అన్నారు.

చిన్నప్పుడు ఈయనకు అక్షరాలు ఒక పట్టాన ఒంటబట్టలేదట. బళ్లో అందరూ మొద్దు అనేవారట. వదినే ఒక్కో అక్షరం కింద అగ్గిపుల్ల పెట్టి ఓపిగ్గా నేర్పిందట. పెళ్లైన కొత్తలో ఇదంతా నాకు చెప్పింది ఈయనే. కళ్లు తుడుచుకుంటూ చెప్పారు.

వదిన పెన్సిల్ తీసి ఆ అధ్యాయం మొదటి పేజీ మీద అడ్డంగా గీతలు కొట్టింది. రెండో పేజీ తిప్పింది. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. పిలిచి మరీ ఆమెకు ఈ మాట వినిపించింది నేనే కదా.

"ఏమండీ, ఆ పిల్ల తమ్ముడితో ఏమంటుందో ఒకసారి చెప్పండి," అన్నాను.

ఆయనకు గుర్తులేకపోవడమేమిటి.

"తొందరేం లేదురా నాన్నా, అక్షరం ఎక్కడికీ పారిపోదు," అని అప్పజెప్పారు. తరవాతి మాట కోసం నోరు తెరిచారు గానీ అది బయటికి రాలేదు.

"అక్కా, అది నేనే కదూ?"

"పోనీలేరా. కథకి అక్కర్లేదేమోలే," అంది వదిన. తిట్టినా బాగుండేది.

ఆయన ఆమె చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, దాని చివరనున్న రబ్బరుతో గీతలు చెరపడం మొదలుపెట్టారు. చెరిపిన చోట తేలిన మాటనల్లా పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు. తల ఎత్తితే ఒట్టు. టీ మళ్లీ వేడి చేద్దామని నేను లేస్తే వదిన వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన ఇంకా మొదటి పేజీలోనే ఉన్నారు.