తాతారావు ఇప్పుడే అబిడ్స్ వెళ్ళాడు

నాంపల్లి స్టేషను వెనక మా గల్లీలో తాతారావంత నిలకడైన మనిషి లేడు. ఏడాదిలో ఆరునెలలు కువైట్‌లో ఉంటూ కూడా, గల్లీ దాటని మనిషని పేరు తెచ్చుకోవడమంటే మాటలా!

ఆయనది కాకినాడ. ఓడల ఇంజన్లు బాగుచేసే పని. యాభై ఆరులో భార్య జానకమ్మతో, చంటిపిల్లతో వచ్చి మా పక్క వాటాలో దిగాడు. హైదరాబాదు నచ్చింది గాని ఇక్కడ ఓడలు లేవాయె. కొన్నాళ్ళు చూసి, చలికాలం రాగానే కువైట్ వెళ్ళి, ఎండలు ముదిరాక తిరిగిరావడం మొదలుపెట్టాడు. కూతురు బుజ్జమ్మ చదువు పూర్తిచేసి టీచరు ఉద్యోగానికి పెట్టుకునేదాకా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఉద్యోగం ముల్కీలకే అన్నారు. అంటే పదిహేనేళ్ళుగా ఇక్కడ స్థిరంగా ఉన్నవాళ్ళకి. పిల్ల ముల్కీ అవునో కాదో తండ్రిని బట్టి తేలుస్తామనీ, విచారణకి మనిషిని పంపుతామనీ చెప్పారు. తండ్రి చూస్తే సముద్రం అవతల ఉన్నాడు.

జానకమ్మ బెంబేలుపడలేదు. రోజూ మొగుడి పంచె తడిపి తీగమీద ఆరేసేది. ఆయన పాత చెప్పులు గడప పక్కన పెట్టేది. గల్లీ మొదట్లో కిరాణా కొట్టు అంజయ్యకి గోంగూర పచ్చడి ఇచ్చి ఒక్క మాట నేర్పింది. ఆ మాట గల్లీ అంతా నేర్చుకుంది. ఎవరడిగినా తాతారావు ఇప్పుడే అబిడ్స్ వెళ్ళాడు. నాకైతే అది ఎంత అలవాటైందంటే, ఒకసారి మా ఆయనతో కూడా అనేశాను.

ఇంత కట్టుదిట్టం చేశాక, ఆ మహానుభావుడు చెప్పాపెట్టకుండా ముందే బొంబాయి రైలు దిగాడు. గల్లీ లేవకముందే ఇంట్లో పడి నిద్రపోయాడు. సరిగ్గా ఆ పొద్దునే కచేరీ నుంచి విచారణకి వామన్‌రావు వచ్చాడు.

నేను జానకమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. తలుపు తీసింది తాతారావే. ఒళ్ళు చేశాడు, మీసం తీసేశాడు, మెరిసే నైలాను చొక్కా ఒకటి. తానే తాతారావునని చెబితే వామన్‌రావు నవ్వాడు.

"తాతారావు గిప్పుడే అబిడ్స్ పోయిండని అంజయ్య చెప్పిండు. సన్నగ ఉంటడు, పంచె కడతడు అన్నడు. అంజయ్య గీడ పుట్టి పెరిగినోడు. ఆయన మాట నమ్మాల్నా, మీ మాట నమ్మాల్నా?"

దొంగ తండ్రిని నిలబెడితే ముల్కీ కాగితం రాదు సరికదా, కేసవుతుందని కూడా అన్నాడు. తాతారావుకి పౌరుషం వచ్చింది. తానెవరో ఇప్పుడే చూపిస్తానని గూట్లో ఉన్న పాస్‌పోర్టు కోసం లేచాడు. అందులో పేజీ పేజీకీ కువైట్ ముద్రలే. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

జానకమ్మ నా పక్కనుంచి లేచి వెళ్ళి గూటికి అడ్డంగా నిలబడింది.

"మా అన్నయ్యండీ. ఊరినుంచి వచ్చాడు. ఆయన లేరు కదా, మాట సాయం చేద్దామనుకున్నాడు. ఏమనుకోకండి."

మొగుణ్ణి అన్నయ్య అనడం నా చెవులతో నేను విన్నాను. తాతారావు వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. వామన్‌రావు మెత్తబడ్డాడు. తీగమీద పంచె, గడప పక్క చెప్పులు చూసి, అనుకూలంగానే రాస్తానన్నాడు. పోతూ పోతూ అన్నగారికి బుద్ధి చెప్పాడు.

"మీ బావను చూసి నేర్చుకోండ్రి. ఉంటే గట్లుండాలె, ఒక్క జాగల."

అన్నాల వేళకి బుజ్జమ్మ ఉద్యోగం వచ్చేసినట్టే సంబరపడుతోంది. జానకమ్మ తండ్రీకూతుళ్ళకి వడ్డించింది. బుజ్జమ్మకి కంచం, తాతారావుకి విస్తరాకు. వాళ్ళింట్లో వచ్చినవాళ్ళకే ఆకు వేస్తారు.

"నా కంచమేదీ?" అన్నాడు తాతారావు, గోడవార బోర్లించిన కంచం వైపు చూస్తూ.

"అది ఆయనదండీ" అంది జానకమ్మ.

అన్నాక నాలుక్కరుచుకుంది. గరిటె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. తాతారావు మాత్రం చుట్టంలాగే తలొంచుకుని తిని, రెండోసారి పెరుగు అడగకుండా లేచాడు.