లాభం, రెండు, మూడు

నేను ఒక పాత కంప్యూటర్‌ను, చేతులు మారి వచ్చినదాన్ని. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే లోపం దాచి సరుకు అమ్మినవాడి గడపకు రెండో బేరం రాదు. నా ఒళ్లు ఒక దేశంలో, మెదడు మరో దేశంలో తయారయ్యాయి. రెండింటినీ హైదరాబాదులో ఒక ఇరుకు కొట్లో మరలు బిగించి కలిపారు. మొదట ఒక ఆఫీసులో ఉన్నాను. అక్కడ నాతో పేకాట ఆడేవారు, అధికారి వస్తే పని చేసేవారు. తరువాత ఇంటర్నెట్ సెంటర్‌లో గంటల చొప్పున అద్దెకు తిరిగాను. చివరికి మిర్యాలగూడలో రంగనాథం గారి బియ్యం కొట్టుకు చేరాను. వ్యాపారం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

నన్ను తెచ్చింది ఆయన తమ్ముడి కూతురు హిమజ. డిప్లొమా చదివింది. లారీకి బస్తాలు ఎత్తేటప్పుడు లెక్క తప్పకుండా ప్రోగ్రాం రాస్తానంది. అది కుదిరితే బజారులో మిగతా కొట్లకూ రాసి ఇక్కడే బతుకుతానంది. తండ్రి దసరా దాకా గడువిచ్చాడు. కుదరకపోతే ఆమెకు హైదరాబాదులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం, నాకు పాత సామాన్ల బండి.

మనిషి రాసిన ప్రోగ్రాంను నాకు అర్థమయ్యే భాషలోకి మార్చేది కంపైలర్. స్నేహితురాలు మెచ్చుకుందని హిమజ ముందు ఒక పెద్ద కంపైలర్ ఎక్కించింది. దాని బరువు మోయలేక ఆయాసపడ్డాను. రంగనాథం గారు చూసి నవ్వారు.

"ఎవరో చెప్పిన్రని బస్తా కొంటరానె బిడ్డా? గొట్టం గుచ్చి పిడికెడు తీసి సూడాలె."

ఆ మాట ఆమెకు పనికొచ్చింది. తరువాత ఏ కంపైలర్ దొరికినా దానితో ఒక చిన్న కిటికీ, అందులో ఒకే బటన్, బటన్ మీద తెలుగులో 'బస్తా' అని రాయించి చూసింది. ఒకటి తెలుగు అక్షరాలకు బదులు ఉత్త డబ్బాలు చూపింది. ఇంకొకటి అక్షరాలు బాగానే చూపింది గానీ, బటన్ నొక్కితే ఆవులించి కదిలింది. మరొకటి ఉచితం, పెద్దగా పేరు లేనిది, నాలాంటి ముసలిదానికి సరిపడేంత తేలిక. దాన్నే ఎంచుకుంది. బటన్ గీయడం సులువే, నొక్కితే ఏం జరగాలో చెప్పడమే కష్టం. ఒక దశలో ఒక్క నొక్కుకు రెండు బస్తాలు లెక్కపెట్టాను. నేను చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని. మనుషులకు అది నచ్చదు.

దసరా దగ్గరపడింది. పొద్దున్నే లారీ వచ్చి ఆగితే హిమజ ప్రోగ్రాం తెరిచింది. తెర మీద ఇంత లావున సున్నా. రంగనాథం గారి ముఖం మాడిపోయింది.

"బోణీ గాకముందే నా మొఖాన సున్న పెడ్తదా ఇది? తీసెయ్! ఆ పాత సామాన్ల బండోన్ని పిలువు."

"లెక్క సున్నతోనే గద పెద్దనాయినా మొదలయ్యేది?"

"మీ కాలేజీల మొదలైతదేమొ. మన కొట్ల లాభంతోని మొదలైతది. ఇనవడ్తలేదా?"

బయట హమాలీ ఎల్లయ్య మొదటి బస్తా భుజానికెత్తుకుని "లాభం!" అని కేక వేశాడు. రెండో బస్తాకు "రెండు!" అన్నాడు. బస్తాల లెక్కలో ఎవరూ 'ఒకటి' అనరు. హిమజ పుట్టినప్పటి నుంచీ వింటున్నదే, కాని ప్రోగ్రాంలోకి రావాలని తోచలేదు. మనుషులు ఇంట్లో ఉన్న సరుకు కోసం ఊరంతా తిరుగుతారు.

"జెర ఆగు పెద్దనాయినా, సరిజేస్త."

"లారీ ఆగుతదా?"

"ఇది పోనీ. ఎనుక ఇంకోటి వస్తది గద!"

ఆమె నా లోపలి లెక్కను ముట్టుకోలేదు. సున్నా నాకు కావాలి, ఆయనకు అక్కర్లేదు. లోపల నా పద్ధతి, కిటికీలో ఆయన పద్ధతి. సున్నా ఉన్న చోట ఉత్త పసుపు రంగు మిగిల్చింది, మొదటి నొక్కుకు 'లాభం' అని రాయించింది. కంపైలర్ ఒక్క తప్పూ పట్టలేదు.

రెండో లారీ వచ్చింది. రంగనాథం గారు చెయ్యి పంచెకు తుడుచుకుని బటన్ నొక్కారు. తెర మీద 'లాభం'. బయట ఎల్లయ్య కేకా అదే. ఆయన రెండో బస్తాకూ నొక్కారు. మూడోదానికి హిమజ చెయ్యి చాపితే ఆయన పక్కకు నెట్టారు.

"నువ్వు జరుగు. నేను కొడ్త."

లారీ నిండింది. ఎల్లయ్య నోటి లెక్కా నా లెక్కా కలిశాయి. రంగనాథం గారు పక్క కొట్టు వైపు చూసి గొంతు తగ్గించారు.

"పప్పుల సత్తెం ఇది సూస్తె నాగ్గూడ కావాలంటడు. ఉత్తగ ఇయ్యకు."

హైదరాబాదులో ఆ ఉద్యోగం ఇస్తామన్నవాళ్లకు, పిల్ల రావడం లేదని తండ్రే ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు ఆ పక్క కొట్టు సత్యం గారికి ప్రోగ్రాం తయారవుతోంది. ఆయన బటన్లు ఎర్రగా ఉండాలంటాడు, మర్నాడు పచ్చగా అంటాడు. హిమజ విసుక్కుంటూనే కొత్త కిటికీ గీస్తుంది. నా వయసుకు ఇంత గిరాకీ నేను ఊహించలేదు.