వేగంలో ముప్పై

కూతురు తెలివైన పిల్లల ప్రత్యేక తరగతికి రాసిన పరీక్ష రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మందుల షాపులో మాత్రలు రెండుసార్లు లెక్కపెట్టందే ఎవరికీ ఇవ్వని మనిషి. ఆ కాగితాన్ని మాత్రం పదిసార్లు చూసినా తలా తోకా తెలియలేదు. ఆలోచనలో తొంభై తొమ్మిది, వేగంలో ముప్పై. మొత్తం కలిపితే సీటుకి చాలదు.

"అంత తెలివైన పిల్లకి వేగం ఎలా తగ్గుతుందండీ?" అని, కూతుర్ని వెంటబెట్టుకుని స్కూలుకెళ్లి కౌన్సెలర్‌ని నిలదీసింది.

"పాప ప్రతి జవాబూ రాశాక మళ్లీ మొదట్నుంచీ సరిచూసుకుందమ్మా. ఇంట్లో అలాగే నేర్పారట."

తిట్టడానికి ఆమెకి ఆ గదిలో తను తప్ప ఎవరూ మిగల్లేదు.

"కంగారుపడకండి. అంకెల మధ్య ఇంత తేడా ఉంటే మొత్తాన్ని పక్కనపెట్టి, ఆలోచన స్కోరే చూస్తాం. సీటు వచ్చినట్టే. ఇక్కడో సంతకం పెట్టండి."

ఆమె ఫారం అందుకుని చివరిదాకా చదివింది. కలం తీసింది. మళ్లీ మొదటి పేజీకి వెళ్లింది. కౌన్సెలర్ గడియారం చూసుకున్నాడు.

పక్క కుర్చీలో కాళ్లూపుకుంటున్న కూతురు ఆయన్ని ఓదార్చింది. "మా అమ్మకీ వేగంలో ముప్పయ్యే సార్."