టమాట పెట్టె పలకల అచ్చు

"ఇది నీ జాకెట్టు గుడ్డ కాదు, ఇంజిను. పోయి పప్పు సూసుకో," అన్నాడు మా ఆయన. నేను అప్పుడు జాకెట్టు గుడ్డే బకెట్లో నానబెడుతున్నాను. కత్తిరించక ముందే గుడ్డను ముడుచుకోనివ్వాలి. కరిగించి పోసిన అల్యూమినియం కూడా చల్లారితే ముడుచుకుంటుంది, అందుకే అచ్చు కాస్త పెద్దదిగా ఉండాలి. నేను చెప్పబోయింది అంతే. నాది బీఎస్సీ ఫిజిక్సు. ఆ చదువు పెళ్లిచూపుల్లో ఒకసారి పనికొచ్చింది.

తొంభై ఏడులో మా మదనపల్లె ఇంటి ముందుగదిలోకి ఒక పాత విలాయతీ మోటారుసైకిలు వచ్చింది. మోటారుసైకిలు అనడం మర్యాద కోసం. ఒక చట్రం, ఒక ఇంజిను, మిగతాదంతా మా ఆయన నమ్మకం. సామాన్లు ఎక్కడా దొరకవు, అన్నీ చేయించుకోవాల్సిందే. ఇంజిను పక్కమూత పగిలితే ముక్కలు అతికించి, నా మాట వినకుండా దాన్నే అచ్చుగా పుంగనూరులో అలావుద్దీన్ పోత కొట్టానికి తీసుకుపోయాడు. ఇసుకలో దాని ముద్ర తీసి లోహం పోశారు. కొత్త మూత నిగనిగలాడుతూ వచ్చింది. ఒక్క బోల్టు రంధ్రమూ ఇంజినుతో కలవలేదు. తప్పు ముందు అలావుద్దీన్‌ది, తరువాత ఇసుకది, రాత్రి భోజనాల వేళకు బస్సులో ఎదురుసీటు మనిషి దిష్టిది. "మొగోడు మెషీను ముందర ఉండేటప్పుడు ఆడది నోరు సేసుకోకూడదమ్మా," అంది మా అత్త తులసమ్మ. నేను నోరు తెరిచింది ఆయన్ను అన్నానికి పిలవడానికి.

"పోనీ నువ్వే సెయ్యి, సూస్తా," అన్నాడు చివరికి, పసిపిల్ల చేతికి గరిట ఇచ్చినట్టు. మార్కెట్టు నుంచి వచ్చిన టమాట పెట్టె పలకల్ని ఫెవికాలుతో ఒకదాని మీద ఒకటి అతికించాను. వంటయ్యాక, అంట్లయ్యాక, అత్తకు మందు ఇచ్చాక, ఇల్లంతా కునుకు తీసే మధ్యాహ్నాల్లో కత్తితో చెక్కి ఇసుకకాగితంతో రుద్దాను. పాత మూతకంటే పిసరంత పెద్దది. అంచులు ఇడ్లీ గుంటలా ఏటవాలు, లేకపోతే పైకి తీసేటప్పుడు అచ్చు ఇసుకను పట్టుకొని లేస్తుంది.

"ఆదివారం కుప్పం నుంచి మీవాళ్లు బండి చూడ్డానికి వస్తారు కదా. ఈ అచ్చు నేను చేశానని ఒక్కమాట చెప్పండి, చాలు," అన్నాను.

"సెప్తాలే."

ఆ మాట ఆదివారం దాకా కూడా ఆగలేదు. శుక్రవారం ఆయన ఆఫీసు స్నేహితుడు గోపాలస్వామి వచ్చి అచ్చును చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవురప్పా ధనుంజయా, ఇంత నున్నగా సేసింది?"

"నేనే సామీ. కూసోని సెక్కినా."

"అమ్మణ్ణి ఏమన్నా సాయం పట్టిందా?"

"ఆమె యాడ. కాఫీ ఇస్తాండె."

నిజమే, ఆ క్షణాన నేను కాఫీనే ఇస్తున్నాను. చక్కెర కూడా సరిపోయింది.

ఆ సాయంత్రం అచ్చు ముఖం మీద నా పేరు లోతుగా చెక్కాను. పొద్దున్నే పాత పేపరులో చుట్టి సంచిలో పెట్టాను. ఆయన విప్పి చూడలేదు. నేను చేసినవాటిని చూసే అలవాటు లేదు, వాడుకునే అలవాటే. పుంగనూరులోనూ అచ్చు అందించి టీ అంగట్లో కూర్చున్నాడట. ఇచ్చింది ఇచ్చినట్టే పోశారు.

సాయంత్రం ఇంటికొచ్చి మూతను ఇంజినుకు ఆనించాడు. అన్ని రంధ్రాలూ కలిశాయి. అప్పుడు చూశాడు.

"ఏమిది?"

"పేరు."

"రేపు కుప్పమోళ్లు వస్తాండారు. ఆకురాయి యాడ పెట్టినావ్? అరగదీసేస్తా."

"తీయండి. అక్షరాలు లోపలికి దిగాయి. అవి పోవాలంటే మూతంతా పల్చబడాలి. పల్చబడితే బోల్టు బిగించగానే పగులుతుంది."

ఆకురాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. మా అత్త వచ్చి మూత మీద వేళ్లు ఆడించింది.

"ఏందో రాసుండాదే నాయనా. నాకు కండ్లు ఆనవు, సదివి సెప్పు."

పెళ్లయినప్పటి నుంచీ ఆయన నన్ను 'ఏమే' అన్నాడు, 'ఇదిగో' అన్నాడు, కోపమొస్తే 'మహాతల్లీ' అన్నాడు.

"సదవరా," అంది అత్త మళ్లీ.

"సుప్రియ," అన్నాడు మా ఆయన.

"చెప్పండి," అన్నాను.