ఆత్మకూరులో పనిచేసే కంప్యూటర్

మా కంప్యూటర్ ఆత్మకూరులో పనిచేస్తుంది, ఉదయగిరిలో పనిచేయదు. ఈ మాట అన్నందుకు మా వీధి వీధంతా నన్ను చూసి నవ్వింది. నవ్వనీ. నవ్వినవాళ్ళలో ఒక్కరైనా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ఎర్రటి ఎండలో రెండుసార్లు ఆత్మకూరు బస్సెక్కారా? నేనెక్కాను.

నాకు దానితో ఉద్యోగం ముడిపడి ఉంది. నేను లెక్కల టీచర్ని. పనిచేసే ప్రైవేటు బడి మూతపడింది. ఇంటి నుంచే పిల్లలకు లెక్కలు చెప్పే పని ఇస్తామని హైదరాబాదులో ఒక కంపెనీ ముందుకొచ్చింది. ముందు గంటసేపు డెమో క్లాసు చెప్పి చూపించాలి. ఫోను పనికిరాదు, కంప్యూటరే ఉండాలి. మొదటి డెమోలో భిన్నాలు చెబుతుండగా తెర నల్లబడింది. మీట నొక్కితే వెలగడం, ఆరిపోవడం, మళ్ళీ వెలగడం, మళ్ళీ ఆరిపోవడం. కంపెనీ మేడమ్ మంచిదే, ఇంకొక్క అవకాశం ఇచ్చింది. "ఈసారీ ఆగిపోతే మేము వేరేవాళ్ళను చూసుకుంటామండి" అని ముందే చెప్పేసింది.

ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే వీరరాఘవులు దుమ్ము దులిపాడు, లోపలి ముక్కలు పీకి మళ్ళీ బిగించాడు, రోజంతా ఆన్‌లో ఉంచాడు. ఒక్కసారీ ఆగలేదు. ఇంటికి తెచ్చి పెడితే పాఠం పుస్తకం తెరిచేలోపే ఆగింది. రెండోసారి తీసుకుపోయినా అదే తంతు.

"మా షాపులో బ్రహ్మాండంగా ఆడతా ఉండాది మేడమ్. మీ ఇంటికి పోతేనే దానికేదో అవతా ఉండాది. దీన్ని ఇచ్చేసి లాప్‌టాప్ తీసుకోకూడదా?" అన్నాడు.

లాప్‌టాప్ కొనాలంటే ఉద్యోగం రావాలి, ఉద్యోగం రావాలంటే ఇది నడవాలి. తిరుగు బస్సులో కండక్టర్ నా ఒళ్ళోకి చూసి, "మళ్ళీ ఇదేనా? దీనికి నెల పాసు తీసుకోండి మేడమ్" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

మాది ఒకప్పుడు ఒకటే ఇల్లు. మామయ్య పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు, నడిమధ్య గోడ లేచింది. పెరడు వైపు మా బావగారు డేవిడ్‌రాజు, అత్త రెబెకమ్మ. వీధి వైపు నేను, మా ఆయన శాంతికుమార్. బావగారు హైస్కూలు టీచరు, పైగా చర్చిలో సంఘ పెద్ద. ఎవరూ అడక్కపోయినా తీర్పు చెప్పేస్తారు.

"అది చచ్చిపోయింది కరుణా. పాత ఇనుప సామాన్లోడికి ఏసెయ్" అన్నారు.

"చచ్చిపోయింది ఆత్మకూరులో ఎట్టా బతకతా ఉండాది బావా?" అన్నాను. ఆయన గేటు విసురుగా వేసి పోయారు.

డెమో నాలుగు రోజుల్లో ఉందనగా ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. వెలిశాక, చూద్దామని మీట నొక్కాను. ఆగలేదు. మర్నాడు కూడా బుద్ధిగా నడిచింది. ఆ మరుసటి రోజు ఎండ విరగకాసింది, మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమని కొట్టింది.

"వానకు చల్లబడి పనిచేసింటాది" అన్నాడు మా ఆయన.

"ఆత్మకూరులో ఏమన్నా మంచు కురస్తా ఉండాదా?" అన్నాను.

ఆ విసుగులోనే బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని బయటికి వచ్చాను. పాత అలవాటు, కాళ్ళు పెరటి వైపు తిరిగాయి, గోడ అడ్డమొచ్చింది. గోడ ముందు గిన్నెతో నిలబడిపోయాను. అప్పుడు తట్టింది.

కాపురానికి వచ్చిన తొలి వేసవి నుంచి సాయంత్రం పూట నాకొక పని ఉండేది. పెరటి మూల కరివేపాకు చెట్టు పక్కన ఒక ఇనుప గొట్టం నేలలోంచి తల బయటపెట్టి ఉండేది. దాని చుట్టూ బిందెడు నీళ్ళు పోయాలి. "కరుణా, ఎర్తుకి నీళ్ళు పోసినావా?" అని అత్త రోజూ అడిగేది. ఇంటి మొత్తానికీ ఎర్తు వైరు ఆ గొట్టానికే. మా నేల రాతినేల, ఎండాకాలం పెంకులా ఎండిపోతుంది. తడి లేకపోతే ఎర్తు ఉన్నా లేనట్టే, నేలలోకి పోవాల్సిన కరెంటు డబ్బాలోనే మిగిలి దాన్ని ఆపేస్తుంది. పంపకాల్లో ఆ మూల బావగారికి పోయింది. మొన్నీమధ్య ఆయన కారు పెట్టుకోవడానికి చెట్టు కొట్టించి, గొట్టం కనపడకుండా గచ్చు చేయించారు. వానొస్తే పక్కల నుంచి కాస్త తడి దిగుతుంది. ఎండొస్తే అదీ పోతుంది.

గిన్నె అక్కడే పెట్టి వాళ్ళింటికి పోయి చెప్పాను. అత్త వంటింట్లోంచి వచ్చింది.

"నిజమేనేమో రా నాయనా. మన ఫ్రిజ్జు కూడా చురుక్కుమంటా ఉండాది. నేను చెప్పులేసుకొని తీస్తా ఉండాను."

"నీకు తిమ్మిర్లమ్మా, అందుకే అట్టా ఉంటాది" అన్నారు బావగారు.

"గచ్చుకి ఒక చిన్న బొక్క పెట్టించండి బావా. నీళ్ళు నేనే వచ్చి పోస్తాను" అన్నాను.

"మీ డబ్బా పాడైతే నా గచ్చు పగలగొట్టాల్నా? కంప్యూటర్‌కి నీళ్ళు పోస్తారా ఏడన్నా? పదిమంది వింటే నవ్వతారు."

"నవ్వనీండి. నా నేల నేను తవ్వుకుంటాను" అని వచ్చేశాను.

వరికుంటపాడు నుంచి ఎలక్ట్రీషియన్ గురుస్వామి ఆదివారం అయితేనే వస్తానన్నాడు. ఆ మర్నాడే డెమో. మా ఇళ్ళలో ఆదివారం పూట గడ్డపార పట్టరు. నాకు మిగిలిన నేలా, ఇంటి ముందు వీధిలోకి కనపడే జానెడు జాగా. చర్చికి పోయేవాళ్ళందరూ దాని ముందు నుంచే పోవాలి.

గురుస్వామి పాత ఎర్తు వైరుకి బల్బు పెట్టి చూశాడు. అది మిణుక్కుమని ఊరుకుంది. "ఎర్తు చచ్చిపోయిందమ్మా, కంప్యూటర్ కాదు" అన్నాడు. నేను కొంగు దోపి గడ్డపార తీసుకున్నాను.

మా ఆయన తెల్లచొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వచ్చే ఆదివారం నేను దగ్గరుండి తవ్విస్తా గదా. అన్నతో గొడవెందుకు?"

"వచ్చే ఆదివారానికి నా సోమవారం అయిపోయి ఉంటాది" అన్నాను. తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తల చూస్తే జాలేసింది, కోపమూ వచ్చింది. ఆ రెండూ నేల మీదే చూపించాను.

తెల్లచీరలన్నీ నన్ను చూసుకుంటూ పోయాయి. బావగారు ఆగారు.

"ఆరాధన మానేసి గుంట తవ్వతా ఉండావా? సంఘంలో నేను తలెత్తుకోవాల్నా వద్దా?"

"తల మీది, మీ ఇష్టం బావా. గుంట నాది. పాపమైతే రేపు క్లాసు అయిపోయినాక నేనే ప్రార్థన చేసుకుంటాను."

మోకాలి లోతు దాటాక రాయి తగిలింది. చేతులు బొబ్బలెక్కాయి. ఇక కాదేమో అనుకుంటుండగా గేటు చప్పుడైంది. మా ఆయన. చొక్కా విప్పి గేటుకి తగిలించి, నా చేతిలోంచి గడ్డపార లాక్కున్నాడు.

"అప్పుడే అయిపోయిందా? పాస్టరుగారు ఏం చెప్పినారు?" అన్నాను.

"ఏమో. నాకు నీ గడ్డపార చప్పుడే వినపడతా ఉండింది" అన్నాడు.

మధ్యాహ్నానికి గొట్టం దిగింది, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పడ్డాయి, వాటి మీద బిందెలకు బిందెలు నీళ్ళు పోశాం. గురుస్వామి మళ్ళీ బల్బు పెడితే కళ్ళు చెదిరేలా వెలిగింది.

సోమవారం భిన్నాలు మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. గంట అయ్యే దాకా భయంతో డబ్బాను ముట్టుకోలేదు. అయ్యాక అరచెయ్యి ఆనించి చూశాను. చురుక్కుమనలేదు. ఏడుపొచ్చింది. సాయంత్రానికి కంపెనీ నుంచి ఫోను వచ్చింది, ఉద్యోగం ఇచ్చారు.

కొన్నాళ్ళకు బావగారు మా గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు. ఫ్రిజ్జు తీయబోయిన అత్తకు ఈసారి గట్టిగానే కొట్టిందట, కింద కూలబడిందట. పోయి చూసి వచ్చాను. దేవుడి దయ, దెబ్బేమీ తగల్లేదు.

"మీ ఎర్తు నుంచి మాకొక వైరు ఇస్తావా కరుణా?" అన్నారు.

"గచ్చు పగలగొట్టిస్తే పోలా?"

"టైల్స్ కూడా ఏయించినాను గదా..."

అత్త కోసం కాకపోతే గేటు వేసేసేదాన్నే. "తీసుకోండి బావా. కానీ ఇన్నేళ్ళూ ఎర్తుకి నీళ్ళు నేను పోసినాను. ఇకనుంచి మీరు పోయాల."

"నేనా? వీధిలో వాళ్ళంతా చూస్తా ఉంటేనా?"

"గుంట వీధి వైపే ఉండాది మరి."

ఇప్పుడు సాయంత్రం నా క్లాసు మొదలయ్యే వేళకు గేటు కిర్రుమంటుంది. సంఘ పెద్ద డేవిడ్‌రాజుగారు పంచె ఎగదోపుకుని, అటూ ఇటూ చూసి, బిందె వంచుతారు. నిన్న క్లాసులో ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఏంటా చప్పుడు?" అని.

"ఏం లేదమ్మా, మా బావగారు. కంప్యూటర్‌కి నీళ్ళు పోస్తున్నారు" అన్నాను, బయటికి కూడా వినిపించేలా.