గొంతులో కాయలు

"నీ గొంతు పోయినప్పట్నుంచి ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!" అన్నారు మా ఆయన, నేను ఆరిన బట్టలు మడతపెడుతుంటే. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

నేను పిల్లలకు ఈత నేర్పుతాను. పైన రేకుల కప్పు, కింద నీళ్ళు, మధ్యలో పిల్లల కేరింతలు. వాటన్నిటినీ దాటి నా మాట వినపడాలి. మైకు ఇప్పించమంటే మా మేనేజరు, "మీకు మైకెందుకు మేడమ్, మీ గొంతు చాలదా!" అని పొగిడి పంపేశాడు. ఇంటికొస్తే మేడ మీద కూతుర్ని లేపడానికి ఒక కేక, స్నానాల గదిలోంచి తువ్వాలు అడిగే ఆయనకు ఒక కేక, టీవీ మోత మధ్య అత్తగారికి ఇంకో కేక. చివరికి గొంతు బొంగురుపోయింది, నెల దాటినా తగ్గలేదు. "చన్నీళ్ళలో నాని జలుబు చేసుంటుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించు" అన్నారు అత్తయ్య. పుక్కిలించాను. గొంతు సవరించుకుంటూనే రోజులు నెట్టుకొచ్చాను.

ఒకరోజు ఓ బుజ్జిది తాడు కిందనుంచి దూరి లోతు వైపు వెళ్ళిపోతోంది. "ఆగు!" అని అరిచాను. పెదాలు కదిలాయి, అంతే. దూకి పట్టుకున్నాను. అది నా మెడ చుట్టూ చేతులేసి, "పిలవొచ్చుగా టీచర్!" అంది. దాన్ని గట్టు మీద కూర్చోబెట్టాను. తడి జుట్టుతోనే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ సన్నని కెమెరా ముక్కులోంచి దింపి, తెర మీద నా స్వరతంత్రులు చూపించారు. తెల్లటి రెండు పట్టీలు, వాటి అంచుల మీద చిన్న బుడిపెలు.

"బొంగురు మూడు వారాలు దాటితే చూపించుకోవాలమ్మా, ఇన్నాళ్ళు ఆగారేం? భయపడకండి, ఇది క్యాన్సర్ కాదు. పార పట్టిన చేతులు కాయలు కాస్తాయే, అలా మీ గొంతు కాయలు కాసింది. కోత అక్కర్లేదు. కొన్నాళ్ళు మౌనం. గుసగుసలు కూడా వద్దు, వాటితో గొంతుకు ఇంకా శ్రమ. నీళ్ళు బాగా తాగండి. తర్వాత స్వర సాధన."

ఆ మౌనంలో ఇంటి వినోదం చూడాలి. ఆయన తువ్వాలు కోసం అరిచి అరిచి, చివరికి నీళ్ళోడుతూ వచ్చి బీరువా తలుపులన్నీ తెరిచి తెచ్చుకున్నారు. "పిలిస్తే పలకదేం?" అని అత్తయ్య విసుక్కుంటే, "డాక్టరు వద్దన్నారు నానమ్మా, నువ్వే లేచి చూసుకో" అంది నా కూతురు.

సాధన చేయించే అమ్మాయి మొదటిరోజే, "మెల్లగా, మీకిష్టమైనదాని గురించి మాట్లాడండి" అంది. నోరు తెరిచాను. "పాప బూట్లు... అత్తయ్య మాత్రలు... కరెంటు బిల్లు..."

"అవి మీరు ఇంట్లో గుర్తుచేసేవండీ. ఇష్టమైనవి అడిగాను."

ఇద్దరం పకపకా నవ్వాం. నవ్వుతూంటేనే ఒకటి తట్టింది. ఇన్నేళ్ళు రోజంతా అరిచిన ఈ గొంతులోంచి నా గురించి ఒక్క మాట రాలేదు. కాసేపు తడుముకుని, చిన్నప్పుడు మొదటిసారి నీళ్ళ అడుగున కళ్ళు తెరిచిన రోజు చెప్పాను. గొంతు ఎక్కడా గీరుకోలేదు.

మైకు వచ్చాకే క్లాసు అని మేనేజరుకు చెప్పాను, మెల్లగానే. తెప్పించాడు.

బుడిపెలు కరిగిపోతున్నాయని డాక్టరు చెప్పిన సాయంత్రం, భోజనాల దగ్గర ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"హమ్మయ్య, గొంతొచ్చేసింది! రేపట్నుంచి పాపని నువ్వే లేపు."

"గొంతొచ్చింది నాకండీ, ఇంటికి కాదు."

కూతురు కిసుక్కున నవ్వింది. "మరి దాంతో ఏం చేస్తావమ్మా?"

"నాకు సముద్రంలో ఈదాలనుంది. ఈ సెలవుల్లో వెళ్తున్నాను, ఒక్కదాన్నే."

టీవీ ముందునుంచి అత్తయ్య కేకేశారు. "ఏమంటోందర్రా? కాస్త గట్టిగా చెప్పవే!"

"దగ్గరికి రండి అత్తయ్యా, చెప్తాను."

టీవీ ఆగింది. కుర్చీ ఈడ్చుకుంటూ ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు.